కెపాసిటర్లు మార్చాక కూడా పాత మదర్‌బోర్డు లేవకపోతే ఏం చేయాలి

ఉబ్బిన కెపాసిటర్లన్నీ (కరెంటును కాస్త నిలవ చేసి నిలకడగా అందించే చిన్న డబ్బాలు) పీకేశారు. కొత్తవి తెచ్చి పెట్టారు. టంకం కూడా మెరుస్తూ బాగానే పడింది. తీరా స్విచ్ వేస్తే ఫ్యాన్ తిరుగుతోంది గానీ తెర మీద ఏమీ రావడం లేదు. లేదంటే ఫ్యాన్ అర చుట్టు తిరిగి ఆగిపోతోంది. లేదంటే అసలు ఉలుకూ పలుకూ లేదు. మీరు ఇప్పుడు ఇక్కడే ఆగిపోయి ఉంటే ఇది మీ కోసమే.

నాకు ఈ పని పడింది హన్మకొండలో మా బాబాయి డీటీపీ షాపులో ఉన్న పెంటియం-3 మెషీన్‌తో. పెళ్లికార్డులు, కరపత్రాలు, స్కూలు ప్రశ్నపత్రాలు అన్నీ ఆయన దాని మీదే పేజ్‌మేకర్‌లో, అనూ ఫాంట్లతో చేసేవాడు. ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న ఆ డబ్బా తెరిచి చూస్తే ప్రాసెసర్ చుట్టూ ఉన్న కెపాసిటర్లలో ఆరింటికి నెత్తి ఉబ్బి ఉంది, రెండింటి మీద గోధుమరంగు పొక్కు కట్టింది. మొత్తం తొమ్మిది మార్చాను. బోర్డు లేవలేదు. అది లేచేదాకా నాలుగు ఆదివారాలు పట్టింది. అందులో మూడు, వరస తెలియక పోగొట్టుకున్నవే. ఆ వరసే ఇక్కడ చెబుతున్నాను.

ఆ కాలం బోర్డులకే ఈ జబ్బు ఎందుకు ఎక్కువ అంటే, సుమారు 1999 నుంచి 2007 దాకా తయారైన కెపాసిటర్లలో చాలావాటికి లోపల పోసిన ద్రవం సరిగ్గా కుదరలేదు. నీరు ఎక్కువగా ఉన్న ఆ ద్రవం అల్యూమినియంతో చర్య జరిపి హైడ్రోజన్ వాయువు పుట్టించేది. ఆ ఒత్తిడికే నెత్తి మీద గీసిన గీత పగులుతుంది. మన ఊళ్లలో అసెంబుల్డ్ కంప్యూటర్లు ఇంటింటికీ వచ్చిన రోజులూ సరిగ్గా అవే. అందుకే అటకల మీద దొరికే పెంటియం-3, పెంటియం-4 బోర్డుల్లో చాలావాటికి ఇదే రోగం. నేను ఇక్కడ పెంటియం-3 సాకెట్ 370 (ప్రాసెసర్ కూర్చునే సాకెట్ రకం) బోర్డునే ఉదాహరణగా తీసుకుంటున్నాను. మిగతావాటికీ వరస ఇంచుమించు ఇదే.

ముందుగా ఒక మాట. బోర్డు లేవకపోగానే చాలామంది చేసే పని, పెట్టిన కెపాసిటర్లన్నీ మళ్లీ వేడి చేసి టంకం దిద్దడం. దయచేసి ఆ పని చేయకండి. వేడి చేసిన ప్రతిసారీ బోర్డు మీది రాగి పట్టు సడలుతుంది. టంకం వేసే ఐరన్ స్విచ్ ఆపి పక్కన పెట్టండి. మల్టీమీటర్ చేతిలోకి తీసుకోండి. ఎక్కడ తప్పుందో అది చూపించేదాకా ఐరన్ ముట్టుకోవద్దు.

మొదట కళ్లతో చూడండి

మంచి వెలుతురులో, భూతద్దం పెట్టుకుని చూడాలి. ఫోన్ కెమెరా జూమ్ చేసినా సరిపోతుంది.

కెపాసిటర్ల దిశతో మొదలుపెట్టండి. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ (లోపల ద్రవం ఉండే మామూలు రకం) ఒంటి మీద పట్టీ ఉన్న వైపు మైనస్. బోర్డు మీద అచ్చేసిన గుండ్రంలో సగం తెల్లగా నింపి ఉంటుంది. చాలా బోర్డుల్లో ఆ తెల్ల సగం మైనస్‌కి గుర్తు. కొన్ని బోర్డుల్లో మాత్రం అదే ప్లస్‌కి గుర్తు! ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. అందుకే అచ్చును నమ్మకండి, మీటర్‌ను నమ్మండి. మీటర్‌ను కంటిన్యుటీలో, అంటే రెండు చోట్లు కలిసి ఉంటే బీప్ కొట్టే సెట్టింగులో పెట్టి ఒక ప్రోబ్‌ను బోర్డు స్క్రూ రంధ్రం చుట్టూ ఉండే లోహపు వలయం మీద ఉంచండి. అదే గ్రౌండ్, అంటే అన్ని వోల్టేజీలకూ సున్నా చోటు. రెండో ప్రోబ్‌ను కెపాసిటర్ మైనస్ కాలికి తాకించండి. బీప్ రావాలి. ప్లస్ కాలు దగ్గర బీప్ వస్తే అనుమానించాలి. దీనికీ మినహాయింపు ఉంది. మైనస్ 12 వోల్టుల లైను మీద ఉన్న కెపాసిటర్‌కు ప్లస్ కాలే గ్రౌండ్‌కు వెళ్తుంది. సౌండ్ జాక్‌ల దగ్గర ఉండే చిన్నవాటిలో కొన్నింటికి ఏ కాలూ గ్రౌండ్‌కు వెళ్లదు. కెపాసిటర్లు పీకకముందు ఫోటోలు తీసుకుని ఉంటే ఇప్పుడు వాటితో సరిపోల్చుకోవచ్చు. తీయకపోతే అదే మోడల్ బోర్డు ఫోటో ఇంటర్నెట్‌లో వెతకండి.

తిరగేసి పెట్టిన కెపాసిటర్ దొరికితే దాన్ని తిప్పి మళ్లీ వాడకండి. ఒకసారి తప్పు దిశలో వోల్టేజ్ చూసిన కెపాసిటర్‌ను పారేసి కొత్తది పెట్టండి.

తరవాత విలువలు. ప్రాసెసర్ చుట్టూ సాధారణంగా 6.3 వోల్టులవి ఉంటాయి. 12 వోల్టుల లైను మీద 16 వోల్టులవి ఉంటాయి. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి చేతిలో తారుమారవుతాయి. 12 వోల్టుల చోట 6.3 వోల్టులది పడితే అది నిలవదు. ఇంకోటి, అన్నిచోట్లా పాలిమర్ కెపాసిటర్లు (ద్రవానికి బదులు ఘన పదార్థం ఉండేవి) పెట్టేస్తే మేలనుకుంటారు. ప్రాసెసర్ దగ్గర అవి బాగా పనిచేస్తాయి. కానీ వోల్టేజ్‌ను దించి ఇచ్చే చిన్న మూడు కాళ్ల రెగ్యులేటర్ల అవుట్‌పుట్ దగ్గర మామూలు ఎలక్ట్రోలిటిక్ తీసి పాలిమర్ పెడితే ఇబ్బంది రావచ్చు. ఆ రెగ్యులేటర్లలో కొన్నింటికి కెపాసిటర్‌లో కాస్త అంతర్గత నిరోధం ఉండాలి. అది మరీ తగ్గితే వోల్టేజ్ నిలకడ తప్పి ఊగుతుంది. అక్కడ పాత రకమే, 105 డిగ్రీల వేడిని తట్టుకునేది, పెట్టండి.

కోఠి గుజరాతీ గల్లీలోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో కొనేటప్పుడు "అన్నా, 1500 మైక్రోఫారడ్, 6.3 వోల్ట్, లో ఈఎస్ఆర్ కావాలి" అని స్పష్టంగా అడగండి. లో ఈఎస్ఆర్ అంటే అంతర్గత నిరోధం తక్కువగా ఉన్నది. వట్టిగా "1500 ఇవ్వన్నా" అంటే మామూలు రకం చేతిలో పెడతారు. విలువ అదే ఉంటుంది గానీ ప్రాసెసర్ లాగే కరెంటు ఒడిదుడుకులను అది తట్టుకోలేదు. బోర్డు లేచినట్టే లేచి హ్యాంగ్ అయిపోతుంది.

ఇప్పుడు బోర్డు తిప్పి అడుగు చూడండి. పక్కపక్క కాళ్లను కలిపేసిన టంకం, కత్తిరించగా మిగిలిన తీగ ముక్క, ఆవగింజంత టంకం గుళిక, ఇవి వెతకాలి. గుళికలు ర్యామ్ స్లాట్‌లోకీ, డిస్‌ప్లే కార్డు పెట్టే ఏజీపీ స్లాట్‌లోకీ దొర్లిపోతాయి. టార్చి వేసి లోపలికి చూడండి. పీకేటప్పుడు ఐరన్ తగిలి పక్కనున్న బియ్యపు నూక సైజు రెసిస్టర్ ఏదైనా ఊడిందేమో చూడండి. రెండు ఖాళీ టంకం చుక్కలు మెరుస్తూ కనిపిస్తే అది మీరు ఊడగొట్టిందే అయ్యుంటుంది. మొదటి నుంచీ ఖాళీగా ఉన్న చోట్లు మసకగా, చదునుగా ఉంటాయి.

చివరగా సీమాస్ జంపర్, అంటే బోర్డు దాచుకున్న సెట్టింగులను చెరపడానికి రెండు పిన్నుల మీద తొడిగే చిన్న తొడుగు. శుభ్రం చేసేటప్పుడు తీసి మళ్లీ పెట్టడంలో అది క్లియర్ వైపు ఉండిపోతే కొన్ని బోర్డులు స్టార్టే కావు. మామూలు స్థానంలో ఉందో లేదో చూసుకోండి. నా మొదటి ఆదివారం మొత్తం దీనికే పోయింది.

బోర్డును బయట పరచండి

క్యాబినెట్‌లో పెట్టి పరీక్షించకండి. అడుగున కాళ్లు కాస్త పొడవుగా మిగిలితే క్యాబినెట్ రేకుకు తగులుతాయి. చెక్క బల్ల మీద గానీ అట్టముక్క మీద గానీ పరచండి. బోర్డుతో వచ్చే మెరిసే యాంటీస్టాటిక్ కవరు మీద పెట్టొద్దు, దాని పైపొర కరెంటును కొంత ప్రవహించనిస్తుంది.

ప్రాసెసర్, దాని హీట్‌సింక్, ఒక్క ర్యామ్ ముక్క, పనిచేస్తుందని తెలిసిన డిస్‌ప్లే కార్డు, స్పీకర్. ఇంతే చాలు. హార్డ్ డిస్క్, సీడీ డ్రైవ్, మౌస్, సౌండ్ కార్డు అన్నీ తీసేయండి. స్పీకర్‌ను మాత్రం మరవకండి. తెర రానప్పుడు బోర్డు మాట్లాడేది దాని ద్వారానే. హీట్‌సింక్ లేకుండా కొన్ని సెకన్లు కూడా ఆన్ చేయొద్దు. అది బిగించేటప్పుడు కూడా జాగ్రత్త. ఈ ప్రాసెసర్ల మీద సిలికాన్ ముక్క పైకి తేలి ఉంటుంది. క్లిప్పు వంకరగా నొక్కితే దాని మూల విరుగుతుంది. కొత్త కెపాసిటర్లు పాతవాటికంటే లావుగా ఉంటే హీట్‌సింక్ వాటి మీద ఆనుతుంది. సమంగా కూర్చుందో లేదో పక్కనుంచి కన్ను పెట్టి చూడండి.

ఎస్ఎంపీఎస్, అంటే బోర్డుకు కరెంటు ఇచ్చే పవర్ సప్లై డబ్బా, పాతదైతే దాన్ని నమ్మలేం. బోర్డు కెపాసిటర్లను చంపిన కాలమూ వేడీ ఎస్ఎంపీఎస్‌నూ వదలవు. ఇంకో మంచి దాంతో పరీక్షించండి. కొత్త 24 పిన్నుల ప్లగ్గు 20 పిన్నుల సాకెట్లో పడుతుంది, నాలుగు పిన్నులు బయటికి వేలాడుతాయి, ఫర్వాలేదు. కొత్తవాటిలో మైనస్ 5 వోల్టుల తెల్ల తీగ ఉండదు. పాత ఐఎస్ఏ కార్డులు వాడకపోతే దాని అవసరం రాదు. పాత ఎస్ఎంపీఎస్‌ను మాత్రం అనుభవం లేకుండా విప్పకండి. మన 230 వోల్టుల కరెంటు లోపల సుమారు 325 వోల్టుల డీసీగా మారి నిలవ ఉంటుంది. ప్లగ్గు పీకేసిన తరవాత కూడా కొంతసేపు కొడుతుంది.

కరెంటు ఇవ్వకముందు షార్ట్ చూడండి

ఎస్ఎంపీఎస్ తీగలేవీ తగిలించకుండా, బోర్డు పవర్ సాకెట్ దగ్గర కొలవాలి. మీటర్‌ను కంటిన్యుటీ బీప్‌లో కాక ఓమ్‌ల్లో పెట్టండి. చాలా మీటర్లు 30, 50 ఓమ్‌ల లోపు దేనికైనా బీప్ కొడతాయి. ఆ బీప్ విని షార్ట్ అనుకుని మంచి బోర్డును పక్కన పడేసినవాళ్లు ఉన్నారు.

నల్ల ప్రోబ్ గ్రౌండ్ మీద పెట్టి, ఎరుపు తీగ వచ్చే 5 వోల్టుల పిన్ను, పసుపు తీగ వచ్చే 12 వోల్టుల పిన్ను, నారింజ తీగ వచ్చే 3.3 వోల్టుల పిన్ను, ఊదా తీగ వచ్చే స్టాండ్‌బై (బోర్డు ఆపి ఉన్నా కరెంటు ఉండే) పిన్ను వరసగా చూడండి. కొత్త కెపాసిటర్లు ఛార్జి అవుతుంటే అంకె మెల్లగా పైకి పాకుతుంది. అది ఆరోగ్య లక్షణం. సున్నా దగ్గరే, అర ఓమ్ దగ్గరే, కదలకుండా నిలిచిపోతే షార్ట్ ఉన్నట్టు.

ప్రాసెసర్ వోల్టేజ్ లైనుకు ఈ లెక్క వర్తించదు. ప్రాసెసర్ సాకెట్లో ఉండగా అక్కడ కొద్ది ఓమ్‌లే చూపించడం మామూలే. ప్రాసెసర్ తీసి మళ్లీ కొలవండి. తీశాక అంకె పెరిగితే భయం లేదు. తీసినా సున్నా దగ్గరే ఉంటే సాకెట్ పక్కన వరసగా ఉండే మాస్‌ఫెట్‌లను (ప్రాసెసర్‌కు వెళ్లే కరెంటును వేగంగా ఆన్, ఆఫ్ చేసేవి) చూడాలి. కెపాసిటర్లు చచ్చిపోయిన బోర్డును నెలల తరబడి నడిపితే ఆ భారం వీటి మీదే పడుతుంది. ఒక్కోదానికి మూడు కాళ్లలో ఏ రెంటి మధ్య కొలిచినా సున్నా వస్తే అది పోయి ఉండొచ్చు. బోర్డు మీద ఉండగా వచ్చే అంకె పూర్తిగా నమ్మదగింది కాదు కాబట్టి, అనుమానమున్నదాన్ని విప్పి బయట కొలిచి నిర్ధారించుకోండి. 5 వోల్టుల లైను వైపున్న మాస్‌ఫెట్ షార్ట్ అయితే ఆ 5 వోల్టులు నేరుగా ప్రాసెసర్‌కు వెళ్తాయి. 1.7 వోల్టుల ప్రాసెసర్ దాంతో చచ్చిపోతుంది. అందుకే ఈ పరీక్ష దాటకుండా మంచి ప్రాసెసర్ పెట్టొద్దు.

ఏమీ కదలకపోతే

ఎస్ఎంపీఎస్ తగిలించి, గోడ స్విచ్ వేసి, బోర్డును ఇంకా ఆన్ చేయకుండానే ఊదా తీగ కొలవండి. 5 వోల్టులు ఉండాలి. 4.75 నుంచి 5.25 దాకా ఫర్వాలేదు. తరవాత ఆకుపచ్చ తీగ. ఎస్ఎంపీఎస్‌ను ఆన్ కమ్మని బోర్డు అడిగేది దీని ద్వారానే. ఆన్ చేయకముందు అక్కడ 4, 5 వోల్టుల మధ్య కనిపించాలి. ఇప్పుడు పవర్ స్విచ్ పిన్నులు రెంటినీ స్క్రూడ్రైవర్ కొనతో ఒక్క క్షణం కలపండి. ఆకుపచ్చ తీగ సున్నాకు పడిపోవాలి.

పడకపోతే బోర్డు అసలు ఆన్ కమ్మని అడగడమే లేదన్నమాట. సీమాస్ జంపర్, పవర్ స్విచ్ పిన్నులు సరైనవేనా, సీఆర్2032 బ్యాటరీ ఎంత చూపిస్తోంది, స్టాండ్‌బై కరెంటును 3.3కు దించే చిన్న రెగ్యులేటర్ పనిచేస్తోందా, వీటిని చూడండి. సున్నాకు పడి అక్కడే ఉన్నా ఫ్యాన్ కదలకపోతే ఎస్ఎంపీఎస్ మార్చి చూడండి.

అర చుట్టు తిరిగి ఆగితే

ఇది ఎస్ఎంపీఎస్ తనను తాను కాపాడుకోవడం. ఎక్కడో భారం మితిమీరింది. ఒకసారి ఆగాక గోడ స్విచ్ ఆపి అర నిమిషం ఉంచితే గానీ అది మళ్లీ ప్రయత్నించదు. ఈ సంగతి తెలియక ఇప్పుడు పూర్తిగా చచ్చిపోయిందనుకుంటారు. ప్రాసెసర్, ర్యామ్, కార్డు ఒక్కొక్కటే తీస్తూ చూడండి. అన్నీ తీసినా అలాగే ఉంటే మళ్లీ షార్ట్ పరీక్షకు వెళ్లాలి. టంకం గుళిక, తిరగేసిన కెపాసిటర్, పోయిన మాస్‌ఫెట్, నాకు తెలిసి ఈ మూడింటిలో ఒకటే అవుతుంది.

ఏది తీయాలన్నా, పెట్టాలన్నా గోడ స్విచ్ ఆపండి. ఫ్యాన్ ఆగినా స్టాండ్‌బై కరెంటు బోర్డు మీద ఉంటూనే ఉంటుంది.

ఫ్యాన్ తిరుగుతోంది, తెర నల్లగా ఉంది

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. నేనూ ఇక్కడే రెండు వారాలు కూర్చున్నాను.

నల్ల ప్రోబ్‌ను ఏదో ఒక స్క్రూ రంధ్రానికి క్లిప్పుతో బిగించుకోండి. ఒక్క చేత్తోనే పని జరుగుతుంది, ఇంకో చెయ్యి జారి దేనికో తగిలే భయం ఉండదు. మొదట ఎరుపు, పసుపు, నారింజ తీగలు. 5 వోల్టులకు 4.75 నుంచి 5.25, 12 వోల్టులకు 11.4 నుంచి 12.6, 3.3కు 3.14 నుంచి 3.47, ఈ హద్దుల్లో ఉండాలి. బూడిదరంగు తీగ పవర్ గుడ్, అంటే వోల్టేజీలన్నీ సరిగ్గా ఉన్నాయని చెప్పే సంకేతం. ఆన్ చేసిన అర సెకనులోపు అది 5 వోల్టుల దగ్గరికి ఎగబాకాలి. అది రాకపోతే బోర్డు రీసెట్‌లోనే, అంటే పని మొదలుపెట్టకుండానే, ఉండిపోతుంది.

తరవాత ప్రాసెసర్ వోల్టేజ్. ఎంత ఉండాలో ప్రాసెసరే చెబుతుంది. మా బాబాయి మెషీన్‌లోని దాని మీద 866/256/133/1.7 వోల్ట్ అని ఉంది. 866 మెగాహెర్ట్జ్ వేగం, 256 కేబీ క్యాష్, 133 బస్, 1.7 వోల్టులు. సాకెట్ పక్కన దొంతరగా ఉన్న పెద్ద కెపాసిటర్ల ప్లస్ కాలు దగ్గర గానీ, రాగి తీగ చుట్టిన కాయిల్‌కు ప్రాసెసర్ వైపున్న కాలు దగ్గర గానీ కొలవండి. ఆ అంకెకు చాలా దగ్గరగా ఉండాలి, కదలకుండా ఉండాలి.

ఒక ముఖ్యమైన విషయం. మంచి ప్రాసెసర్ పాడవుతుందేమోనన్న భయంతో చాలామంది సాకెట్ ఖాళీగా పెట్టి ఇక్కడ కొలుస్తారు. సున్నా చూపిస్తుంది. వెంటనే రెగ్యులేటర్ చిప్ పోయిందని దాన్ని పీకేస్తారు. ఆ తరం బోర్డుల్లో ఎన్ని వోల్టులు కావాలో ప్రాసెసరే కొన్ని పిన్నుల ద్వారా అడుగుతుంది. సాకెట్ ఖాళీగా ఉంటే ప్రాసెసర్ లేదని అర్థం చేసుకుని రెగ్యులేటర్ ఏమీ ఇవ్వదు. కాబట్టి ఖాళీ సాకెట్లో సున్నా రావడం తప్పు కాదు. షార్ట్ పరీక్ష అయ్యాక, పోయినా పెద్ద బాధలేని ఒక చవక సెలెరాన్ ప్రాసెసర్ పెట్టి కొలవడం మంచిది. అది మీ బోర్డుకు సరిపడే రకమేనా, దాని మీద ఎన్ని వోల్టులని ఉంది, ముందే చూసుకోండి.

నా బోర్డులో ఇవన్నీ సరిగానే ఉన్నాయి. 1.7 చోట 1.71 వచ్చింది. 5, 12, 3.3 అన్నీ ఉన్నాయి. అయినా ప్రాణం లేదు. మిగిలింది ఒకటే, 1.5 వోల్టులు. ప్రాసెసర్‌కూ, దాన్ని ర్యామ్‌తో, డిస్‌ప్లే కార్డుతో కలిపే నార్త్‌బ్రిడ్జ్ చిప్‌కూ మధ్య సంకేతాలు నడిచే బస్సుకు ఈ 1.5 వోల్టుల ఆసరా కావాలి. అది లేకపోతే ప్రాసెసర్ మొదటి ఆదేశం కూడా చదవలేదు. దాన్ని తయారుచేసే మూడు కాళ్ల రెగ్యులేటర్ దగ్గర కొలిస్తే 1.5 వస్తోంది. ఆ రోజు అక్కడితో ఆపేశాను. అదే నేను చేసిన తప్పు. వోల్టేజ్ పుట్టిన చోట కాదు, చేరాల్సిన చోట కొలవాలి. వారం తరవాత సాకెట్‌కూ నార్త్‌బ్రిడ్జ్‌కూ మధ్య బారుగా ఉన్న చిన్న రెసిస్టర్ల గుంపుల మీద ప్రోబ్ పెట్టాను. సున్నా.

రెగ్యులేటర్ నుంచి రెసిస్టర్ల దాకా దారి వెతుక్కుంటూ పోతే అది నేను మార్చిన కెపాసిటర్ రంధ్రం దగ్గర తెగింది. ఈ బోర్డులు సాధారణంగా నాలుగు పొరలవి. పై పొర మీది రాగి గీతను కింది పొరతో కలిపేది ఆ రంధ్రం లోపల గొట్టంలా ఉండే రాగి పూత. పాత కెపాసిటర్‌ను టంకం పూర్తిగా కరగకముందే నేను లాగాను. కాలితోపాటు ఆ పూత కూడా ఊడి వచ్చింది. డబ్బాలో పడేసిన పాత కెపాసిటర్లు వెతికి చూస్తే ఒకదాని కాలికి పలచని రాగి తొడుగు ఉంగరంలా అంటుకుని ఉంది. కింద వేసిన టంకం అందంగానే ఉంది, పై గీతకు మాత్రం అందలేదు.

మీకూ ఇదే జరిగి ఉండే అవకాశం ఎక్కువ. మార్చిన ప్రతి కెపాసిటర్‌కూ ఈ పరీక్ష చేయండి. కరెంటు పూర్తిగా తీసేసి, కంటిన్యుటీలో ఒక ప్రోబ్‌ను కాలి టంకం మీద, ఇంకోదాన్ని ఆ కాలు కలవాల్సిన చోట పెట్టాలి. గ్రౌండ్ కాలైతే స్క్రూ రంధ్రంతో కలవాలి. ప్లస్ కాలైతే అదే లైను మీదున్న పక్క కెపాసిటర్ ప్లస్ కాలితో, పై పొర మీది గీతతో, రెంటితోనూ కలవాలి. ఎక్కడ బీప్ రాదో అక్కడే జబ్బు.

బాగుచేయడం కష్టం కాదు. పై వైపు నుంచి ఐరన్ కొన అందితే, గీత మీది ఆకుపచ్చ పూతను బ్లేడుతో గోరు మొనంత గీకి, రాగి మెరిసేదాకా తుడిచి, కెపాసిటర్ కాలిని కాస్త పైకి ఎత్తి అక్కడా టంకం వేయండి. అందకపోతే సన్నని ఎనామిల్ తీగతో రెగ్యులేటర్ అవుట్‌పుట్ కాలి నుంచి కెపాసిటర్ అడుగు కాలికి నేరుగా కలపండి. నేను చేసింది ఇదే. వేలెడంత తీగ. స్విచ్ వేయగానే చిన్నగా ఒక్క బీప్ వచ్చింది.

ఇక ముందు పీకేవాటికైనా ఇలా చేయండి. మొదట పాత టంకంలో 63/37 సీసం టంకం కొంచెం కలిపి, ఫ్లక్స్ (టంకం బాగా పారేలా చేసే పదార్థం) వేసి, రెండు కాళ్లనూ మార్చి మార్చి వేడి చేస్తూ కెపాసిటర్‌ను అటూ ఇటూ మెల్లగా వంచండి. గ్రౌండ్ కాలు వేడిని లోపలి రాగి పొరకు లాగేసుకుంటుంది. 25 వాట్ల చిన్న ఐరన్‌తో అది కరగదు. కరగనప్పుడు లాగే చెయ్యే బోర్డుల్ని పాడుచేస్తుంది. 60 వాట్లు, వెడల్పు కొన ఉన్న ఐరన్ వాడండి.

వోల్టేజీలన్నీ ఉన్నా లేవకపోతే

ఇక్కడ, బోర్డు లేచేటప్పుడు ఏ దశలో ఆగిందో అంకెల్లో చూపించే పోస్ట్ కార్డు చాలా ఉపయోగపడుతుంది. పీసీఐ స్లాట్‌లో పెట్టే చవక కార్డు, రెండంకెల తెర ఉంటుంది. మొదట దాని రీసెట్ లైటు చూడండి. ఆన్ చేయగానే వెలిగి ఆరిపోవాలి. వెలుగుతూనే ఉంటే బోర్డు ఇంకా రీసెట్‌లో ఉంది, అంటే ఏదో వోల్టేజ్ లేదు, వెనక్కి వెళ్లాలి. క్లాక్ లైటు వెలగకపోతే 14.318 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ పక్కనున్న క్లాక్ చిప్‌కు 3.3 వోల్టులు అందుతున్నాయో లేదో చూడండి.

రీసెట్ ఆరిపోయి, అంకెలు ఎఫ్ఎఫ్ గానీ 00 గానీ చూపిస్తూ నిలిచిపోతే ప్రాసెసర్ ఏమీ చదవడం లేదు. ప్రాసెసర్‌ను తీసి పిన్నులు వంగాయేమో చూసి మళ్లీ పెట్టండి. బయాస్ చిప్ (ప్రాసెసర్ మొట్టమొదట చదివే ప్రోగ్రామ్ ఉండేది) సాకెట్లో ఉంటే దాన్నీ మెల్లగా పైకి తీసి, కాళ్లు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మూల కోసిన గుర్తు చూసుకుని మళ్లీ కూర్చోబెట్టండి. అవార్డ్ కంపెనీ బయాస్‌లో అంకెలు సీ1 దగ్గర ఆగితే తప్పు ర్యామ్‌ది. ర్యామ్ బంగారు పూత మీద పెన్సిల్ రబ్బరుతో మెత్తగా రుద్ది, పొట్టు దులిపి, ఆల్కహాల్‌తో తుడిచి, వేరే స్లాట్‌లో పెట్టి చూడండి. అవార్డ్ బయాస్‌లో ఒక పొడుగు బీప్, రెండు పొట్టి బీప్‌లు వస్తే తప్పు డిస్‌ప్లే కార్డుది. ఏఎంఐ బయాస్‌లో అయితే ఎనిమిది బీప్‌లు. నిజానికి బీప్ వచ్చిందంటేనే సంతోషించాలి. బోర్డు బతికే ఉంది.

స్లాట్లలో ఎండిన ఫ్లక్స్ కూడా ఇలాంటి వేషాలే వేయిస్తుంది. టూత్‌బ్రష్, ఆల్కహాల్‌తో స్లాట్లూ అడుగూ బాగా కడిగి, పూర్తిగా ఆరనిచ్చాకే స్విచ్ వేయండి.

లేచిన తరవాత

తెర మీద మొదటి అక్షరాలు కనిపించగానే హార్డ్ డిస్క్ తగిలించాలని చెయ్యి లాగుతుంది. ఆగండి. నిలకడ లేని బోర్డు డిస్క్ మీది ఫైళ్లను నిశ్శబ్దంగా పాడుచేస్తుంది. బాబాయి డిస్క్‌ను ముందే ఐడీఈ నుంచి యూఎస్‌బీకి మార్చే అడాప్టర్‌తో నా ల్యాప్‌టాప్‌కు తగిలించి మొత్తం కాపీ తీసి పెట్టుకున్నాను. మీ దగ్గర పోగొట్టుకోలేనిది ఏమున్నా ఈ పని అన్నింటికంటే ముందు చేయండి.

బయాస్‌లోకి వెళ్లి హార్డ్‌వేర్ మానిటర్ పేజీ తెరిచి పది నిమిషాలు చూస్తూ ఉండండి. వోల్టేజ్ అంకెలు చివరి స్థానంలో కొద్దిగా మారడం సహజం. క్రమంగా దిగుతూ పోతే మంచిది కాదు. తరవాత కరెంటు ఆపి, కొత్త కెపాసిటర్ల నెత్తి మీద వేలు పెట్టండి. మాస్‌ఫెట్ పక్కనున్నవి గోరువెచ్చగా ఉండొచ్చు. దూరంగా ఉన్నది ఏదైనా ఒక్కటే వేడెక్కితే దాని దిశ మళ్లీ చూడండి. ఆసిలోస్కోప్ అందుబాటులో ఉంటే ఎస్ఎంపీఎస్ నుంచి వచ్చే 5, 3.3 లైన్ల మీద అలజడి 50 మిల్లీవోల్టులు, 12 మీద 120 మిల్లీవోల్టులు దాటకూడదు.

ఆ తరవాత ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ ప్రోగ్రామ్‌ను సీడీ మీదో ఫ్లాపీ మీదో వేసుకుని రాత్రంతా నడపండి. ఒక్క ఎర్ర గీత కూడా రాకూడదు. వస్తే ర్యామ్ మార్చి మళ్లీ నడపండి. వేరే ర్యామ్‌తోనూ వస్తే ప్రాసెసర్ చుట్టూ పెట్టిన కెపాసిటర్ల రకం మీద అనుమానపడాలి.

అది దాటాక బోర్డును క్యాబినెట్‌లో బిగించి, అడుగు కాళ్లు రేకుకు తగలడం లేదని చూసుకుని, అప్పుడు డిస్క్. మొదట కాపీ వేసిన వేరే డిస్క్‌తో, తరవాతే అసలుదానితో. బాబాయి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. విండోస్ తెరుచుకోవడానికి పట్టే సమయం ఆయనకు ఇంకా గుర్తుంది. పేజ్‌మేకర్ తెరిచి, ఎవరిదో పాత పెళ్లికార్డు ఫైలు నొక్కి, గణపతి బొమ్మ కింద అక్షరాలు చెదరకుండా వచ్చాయో లేదో చూసుకుని, వెంటనే ఇంకోటి తెరిచాడు.

కొత్త కెపాసిటర్ల రకం, మార్చిన తేదీ, వేసిన తీగ ఎక్కడ నుంచి ఎక్కడికో ఒక కాగితం మీద రాసి క్యాబినెట్ లోపలి తలుపుకు అంటించాను. మీరూ అంటించండి. మళ్లీ విప్పేవాళ్లు ఆ తీగను చూసి అనవసరమనుకుని పీకేయకుండా ఉంటారు.